గేట్‌వే గోడ మీద మీటరు

1988 ఫిబ్రవరి ఆఖరులో అమెరికాలో ఇంటర్నెట్ పెద్దలు కొందరు కూర్చుని ఒక తగవు తీర్చారు. తగవు మూడు పద్ధతుల మధ్య. దూరాన ఉన్న గేట్‌వేని పలకరించి "నీ పోర్టుల్లో ఏది పనిచేస్తోంది, ఏది పడిపోయింది, దేంట్లోంచి ఎంత సరుకు పోతోంది" అని మనిషి వెళ్లకుండా ప్రోగ్రామ్ చేత అడిగించి తెలుసుకునే పద్ధతులవి. తీర్పు చిత్రంగా వచ్చింది. అసలైనది, ఘనమైనది వెనకాల వస్తోంది, అది వచ్చేదాకా ఈ చిన్నదానితో సరిపెట్టుకోండి అన్నారు.

ఘనమైనది ఆ పీట ఎక్కనే లేదు. ఆ చిన్నది ఇవాళ్టికీ డేటా సెంటర్లలో, టెలికాం కంపెనీల్లో, ఆఫీసు మూల నల్ల పెట్టెలో నడుస్తోంది. దాని పేరు ఎస్‌ఎన్‌ఎంపీ. పుట్టినప్పటి పేరు మాత్రం వేరు. ఆ పేరులో 'గేట్‌వే' అనే మాట ఉండేది.

ముందు రెండు మాటల సంగతి. ఆ రోజుల్లో ఒక నెట్‌వర్కును ఇంకో నెట్‌వర్కుతో కలిపే యంత్రాన్ని గేట్‌వే అనేవారు. మనం ఇవాళ రౌటర్ అంటున్నది అదే. పోర్ట్ అంటే ఇక్కడ ఆ యంత్రానికి తీగ తగిలించే చోటు. కాగితాల మీద దాన్ని ఇంటర్‌ఫేస్ అని రాస్తారు. పదహారు పోర్టులున్న గేట్‌వే అంటే పదహారు దారులు కలిసే కూడలి అనుకోండి. ఏ దారిలో బండ్లు నిలిచిపోయాయో కూడలిలో నిలబడ్డవాడికి కనిపిస్తుంది. కూడలి వెయ్యి మైళ్ల అవతల ఉంటేనో?

ఒకే ఇంటి పిల్లలున్నప్పుడు

1969లో మొదలైన ఆర్పానెట్‌లో ఈ బెడద పెద్దగా లేదు. అక్కడ ప్యాకెట్లను దారి మళ్లించే యంత్రాలను ఇంప్‌లు అనేవారు. వాటన్నిటినీ మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జిలో ఉన్న బీబీఎన్ అనే సంస్థే తయారుచేసింది. వాటిలోని ప్రోగ్రామూ దానిదే. వాటిని కాపలా కాసే నెట్‌వర్క్ కంట్రోల్ సెంటరూ దానిదే. ప్రతి ఇంప్ తన క్షేమం, తన లైన్ల క్షేమం ఆ సెంటరుకు చేరవేస్తూ ఉండేది. ఎక్కడో కాలిఫోర్నియాలో లైను దెబ్బతింటే అక్కడివాళ్లకంటే ముందు కేంబ్రిడ్జిలో తెలిసేది. ఒకే తల్లి పిల్లలు కాబట్టి అందరూ ఒకే భాషలో ఉత్తరం రాసేవారు.

1983 జనవరి 1న ఆర్పానెట్ టీసీపీ/ఐపీ అనే కొత్త నియమావళికి మారింది. ఎవరి నెట్‌వర్కు వాళ్లు కట్టుకుని, గేట్‌వే పెట్టి, మిగతా ప్రపంచంతో కలుపుకునే వీలొచ్చింది. అంతటితో ఉమ్మడి కాపురం విడిపోయింది. గేట్‌వేలు బీబీఎన్‌వి కొన్ని, ప్రోటియాన్‌వి కొన్ని, 1984 ఆఖరులో పుట్టిన సిస్కోవి కొన్ని, విశ్వవిద్యాలయాల్లో పాత మినీ కంప్యూటర్ల మీద సొంతంగా చేసుకున్నవి కొన్ని. ఒకదాని క్షేమసమాచారం ఇంకోదానికి అర్థం కాదు. ఒక్కోదాన్ని ఒక్కో రకంగా లాగిన్ అయి, దానికి తెలిసిన ఆదేశం కొట్టి, అది చూపించిన తెర చదువుకోవాలి.

1983 డిసెంబరులో మైక్ మూస్ అనే ఇంజినీరు, మేరీలాండ్‌లోని సైనిక పరిశోధనాశాలలో నెట్‌వర్కు ఎందుకో తిక్కగా ప్రవర్తిస్తుంటే, ఒక్క సాయంత్రం కూర్చుని పింగ్ అనే చిన్న ప్రోగ్రామ్ రాశాడు. "ఉన్నావా?" అంటే "ఉన్నా" అని అవతలి యంత్రం పలుకుతుంది. ఎంతసేపటికి పలికిందో కూడా తెలుస్తుంది. చాలా మంచి ప్రోగ్రామ్. కానీ రోగి మూలిగాడా లేదా అన్నంతవరకే దాని వైద్యం. నాడి చూడదు. ఏ పోర్టులో సరుకు పేరుకుపోయింది, ఏ తీగలో తప్పులు దొర్లుతున్నాయి, అది పింగ్ చెప్పదు.

చెప్పేవాళ్లు లేకపోతే ఏమవుతుందో 1986 అక్టోబరులో తెలిసొచ్చింది. లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల నుంచి బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి దూరం నాలుగు వందల గజాలు. ఆ దారిలో సెకనుకు 32 వేల బిట్లు నడిచేవి. ఉన్నట్టుండి అది సెకనుకు 40 బిట్లకు పడిపోయింది. అంటే సెకనుకు ఐదు అక్షరాలు. ఉత్తరం జేబులో పెట్టుకుని నడిచి వెళ్లినా అంతకంటే ముందు చేరుతుంది. రద్దీ ఎక్కువై, పోయిన ప్యాకెట్లనే మళ్లీ మళ్లీ పంపుతూ కంప్యూటర్లు రద్దీని ఇంకా పెంచాయని వాన్ జాకబ్సన్ అనే పరిశోధకుడు శోధించి తేల్చాడు. టీసీపీకి ఆయన చేసిన చికిత్స వేరే కథ. మన కథకు కావలసింది ఒక్కటే: నెట్‌వర్కు ఊపిరాడక కొట్టుకుంటున్నప్పుడు దాని లోపలి సంగతి బయటికి కనిపించే కిటికీ అందరికీ పనికొచ్చేలా లేదు.

నలుగురు

అదే కాలంలో అమెరికా జాతీయ సైన్సు సంస్థ సూపర్ కంప్యూటర్ కేంద్రాలను కలుపుతూ ఎన్‌ఎస్‌ఎఫ్‌నెట్ వేసింది. దాని కింద ప్రాంతీయ నెట్‌వర్కులు లేచాయి. న్యూయార్క్ రాష్ట్రంలో లేచినది నైసర్‌నెట్. వీటిని నడిపేవాళ్లు పెద్ద సంస్థల ఉద్యోగులు కారు. విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెబుతూ, ప్రోగ్రాములు రాస్తూ, అర్ధరాత్రి ఫోను మోగితే లేచేవాళ్లు. వాళ్లకు సిద్ధాంతం కంటే ముందు నిద్ర కావాలి.

అలాంటివాళ్లలో నలుగురు కలిశారు. టెనెసీ విశ్వవిద్యాలయం నుంచి జెఫ్రీ కేస్, కార్నెల్ నుంచి మార్క్ ఫెడోర్, రెన్సెలేర్ పాలిటెక్నిక్ నుంచి మార్టిన్ షాఫ్‌స్టాల్, గేట్‌వేలు తయారుచేసే ప్రోటియాన్ నుంచి జేమ్స్ డేవిన్. నడిపేవాళ్లు ముగ్గురు, తయారుచేసేవాడు ఒకడు. ఈ పొత్తు బాగా కుదిరింది. ఏం కావాలో ముగ్గురికి తెలుసు. పెట్టెలో ఏం పడుతుందో నాలుగోవాడికి తెలుసు.

1987 నవంబరులో వాళ్లు బయటపెట్టిన పద్ధతి పేరు 'సింపుల్ గేట్‌వే మానిటరింగ్ ప్రోటోకాల్'. ఆర్‌ఎఫ్‌సీలు అనే ఇంటర్నెట్ కాగితాల వరసలో 1028వదిగా అచ్చయింది. పేరులో ఉన్న 'సింపుల్' మర్యాదకు పెట్టిన మాట కాదు. ఆ రోజుల్లో గేట్‌వేకి ఉన్న జ్ఞాపకశక్తి తక్కువ, ప్రాసెసర్ నెమ్మది. దాని అసలు ఉద్యోగం ప్యాకెట్లను దాటించడం. క్షేమసమాచారం చెప్పడానికే దాని ఓపికంతా అయిపోతే ప్యాకెట్లను దాటించేదెవరు? అందుకని నలుగురూ ఒక నియమం పెట్టుకున్నారు. గేట్‌వే మీద వేసే బరువు వీలైనంత తగ్గాలి. ఆలోచన ఏదైనా ఉంటే అది అడిగేవాడి దగ్గరే జరగాలి.

మీటరుకు లెక్కలు రావు

ఇది అర్థం కావాలంటే మన ఇంటి గోడ మీది పాత కరెంటు మీటరు చూస్తే చాలు. దానికి బిల్లు కట్టడం రాదు. నెల తిరిగిందని తెలియదు. ఏ స్లాబుకు ఎంత ధరో తెలియదు. ఫ్రిజ్ తినేసిందా, ఏసీ తినేసిందా తెలియదు. దానికి వచ్చిన విద్య ఒక్కటే, కరెంటు పారినంతసేపూ అంకె పెంచుకుంటూ పోవడం. రీడింగు తీసే అతను వచ్చి ఇవాళ్టి అంకెలోంచి పోయిన నెల అంకె తీసేస్తాడు. తెలివంతా ఆ తీసివేతలో ఉంది.

నలుగురూ గేట్‌వే పోర్టుకు పెట్టింది సరిగ్గా ఇలాంటి మీటరే. పోర్టులోంచి ఒక్కో బైటు లోపలికి వచ్చినకొద్దీ ఒక అంకె పెరుగుతుంది. బయటికి పోయినకొద్దీ ఇంకో అంకె. పారేసిన ప్యాకెట్లకు ఒకటి, తప్పులతో వచ్చినవాటికి ఒకటి. "సెకనుకు ఎంత పోతోంది" అని అడిగితే గేట్‌వేకి తెలియదు. "ఇప్పటిదాకా ఎంత" అంటే టక్కున చెబుతుంది. ఐదు నిమిషాలాగి మళ్లీ అడిగి, రెంటి తేడాను మూడు వందల సెకన్లతో భాగించుకుంటే వేగం తెలుస్తుంది.

మీటరును ఎవరైనా చూడొచ్చు, చూసినంత మాత్రాన అది సున్నాకు రాదు. ఇద్దరు వచ్చి వేరువేరు వేళల్లో రీడింగు రాసుకున్నా ఒకరి లెక్క ఇంకొకరు చెడగొట్టరు. జవాబు దారిలో పోయినా నష్టం లేదు, మళ్లీ అడిగితే అంకె అక్కడే ఉంటుంది, కాస్త పెరిగి ఉంటుంది. అందుకే ఇలా అడగడానికి టీసీపీ లాంటి భద్రమైన బాట వాడకుండా యూడీపీ అనే కార్డుముక్క పద్ధతి వాడారు. ఒక చిన్న ప్యాకెట్‌లో ప్రశ్న, ఇంకో చిన్న ప్యాకెట్‌లో జవాబు. నెట్‌వర్కు బాగా లేనప్పుడే కదా దాని సంగతి ఎక్కువగా అడగాల్సివచ్చేది! ఆ వేళ కరచాలనాలు, కుశలప్రశ్నలు అయ్యాక మాట మొదలుపెడదామంటే మాట మొదలవదు. ఒక్క ముక్క ఎలాగో దూరి వెళ్తే చాలు.

పోర్టు గురించి ఇంకో చక్కని ఏర్పాటు ఉంది. ప్రతి పోర్టుకూ రెండు స్థితులు రాసిపెట్టారు. యజమాని ఏమన్నాడు అన్నది ఒకటి, నిజంగా ఎలా ఉంది అన్నది ఇంకొకటి. తెరవమన్నారు, తెరిచే ఉంది: బాగు. మూయమన్నారు, మూసే ఉంది: అదీ బాగే. తెరవమన్నారు, మూసుకుపోయి ఉంది: లేచి చెప్పులు వేసుకోవాల్సిందే. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసే ప్రోగ్రామ్ రాయడం పావుగంట పని. అది పెట్టే హెచ్చరిక మాత్రం ఎన్నో రాత్రులు కాపాడింది.

మూడు పద్ధతులు, ఒక తీర్పు

మళ్లీ 1988 ఫిబ్రవరికి వద్దాం. బరిలో మూడున్నాయి. ఒకటి మన నలుగురిది. రెండోది క్రెయిగ్ పార్ట్రిడ్జ్, గ్లెన్ ట్రెవిట్ రూపొందించిన హెమ్స్. దానిది చురుకైన ప్రశ్నల భాష, నలుగురి పద్ధతికంటే ఎక్కువ పనులు చేయగలదు. మూడోది అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ వండుతున్న సీఎంఐపీని టీసీపీ/ఐపీ మీద నడపాలన్న ప్రతిపాదన. అప్పట్లో ప్రభుత్వాల నమ్మకం, పెద్ద కంపెనీల నమ్మకం అంతర్జాతీయ ప్రమాణాల మీదే ఉంది. ఇవాళ కాకపోతే రేపు అందరూ అటే పోవాలి అనుకునేవారు.

హెమ్స్ వాళ్లు పెద్దమనసుతో తప్పుకున్నారు. మూడు కుంపట్లు ఉంటే అసలు వంటే కాదని వాళ్లకు తోచింది. మిగిలిన రెంటికీ ఆ ఇంటర్నెట్ పెద్దల్లో ఒకరైన వింటన్ సెర్ఫ్ పేరు మీద 1988 ఏప్రిల్‌లో వెలువడిన నివేదిక దారి చూపింది: ఇప్పటికి చిన్నది, ముందు ముందు పెద్దది. ఒక షరతు పెట్టారు. ఏ పద్ధతిలో అడిగినా అడిగే విషయాల జాబితా ఒకటే ఉండాలి. రేపు పెద్ద పద్ధతికి మారినా మీటర్లు మార్చనక్కర్లేకుండా.

అదే సంవత్సరం ఆగస్టులో గేట్‌వే అనే మాట తీసేసి, కాస్త పెంచి, 'సింపుల్ నెట్‌వర్క్ మేనేజ్‌మెంట్ ప్రోటోకాల్'గా దాన్ని విడుదల చేశారు. గేట్‌వేలే కాదు, ప్రింటర్లు, సర్వర్లు ఏవైనా అడగొచ్చు. మాటలు ఐదే: ఇది చెప్పు, దీని తర్వాతది చెప్పు, ఇది మార్చు, ఇదిగో జవాబు, ఇదిగో నాకు నేనుగా చెబుతున్న కబురు. 'రీబూట్ అవు' అనే ఆదేశం కూడా లేదు. కావాలంటే 'రీబూట్‌కు మిగిలిన సెకన్లు' అనే అంకె ఒకటి పెట్టుకుని దాన్ని మార్చుకోవచ్చన్నారు. క్రియలన్నీ తీసేసి, అంకెలు చదవడం, అంకెలు మార్చడం అనే రెంటికి ప్రపంచాన్ని కుదించేశారు.

ఏడాది గడిచేసరికి తేడా కళ్లకు కట్టింది. చిన్నదాన్ని కంపెనీలు వారాల్లో తమ పెట్టెల్లో పెట్టేస్తున్నాయి. పెద్దదాని కాగితాలు ఇంకా బల్ల మీదే ఉన్నాయి. 1989 జూన్‌లో రెండోసారి కూర్చుని ఉమ్మడి జాబితా షరతు సడలించి, ఎవరి దారిన వాళ్లను పొమ్మన్నారు. 1990 మేలో ఎస్‌ఎన్‌ఎంపీ ఆర్‌ఎఫ్‌సీ 1157గా పూర్తి ప్రమాణం హోదా అందుకుంది.

పదో వరస

ఆ జాబితా సంగతి చెప్పకపోతే కథ సగమే. దాన్ని మిబ్ అంటారు. మొదటిసారి రాసేటప్పుడు వంద అంశాల దగ్గర ఆపాలని గిరి గీసుకున్నారు. లేకపోతే ప్రతి కంపెనీ తన ముద్దు తాను చేర్చుకుంటూ పోతుంది. 1991 మార్చిలో మెక్‌క్లోగ్రీ, రోజ్ కూర్పుతో వచ్చిన రెండో మిబ్ ఇప్పటికీ పునాది.

అందులో ప్రతి అంశానికీ ఒక అంకెల చిరునామా ఉంటుంది. దేశం, రాష్ట్రం, జిల్లా, ఊరు, వీధి, డోర్ నంబరు అన్న వరసలో పెద్దదాని నుంచి చిన్నదానికి దిగుతుంది. మచ్చుకి 1.3.6.1.2.1.2.2.1.10.3 చూడండి. మొదటి 1 అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ. 3 దాని గుర్తింపు పొందిన సంస్థలు. 6 అమెరికా రక్షణ శాఖ. తర్వాతి 1 ఇంటర్నెట్. 2 నిర్వహణ, 1 మిబ్, 2 ఇంటర్‌ఫేస్‌లు, 2 వాటి పట్టిక, 1 పట్టికలోని నమోదు. 10 అంటే లోపలికి వచ్చిన బైట్లు. ఆఖరి 3 పోర్టు నంబరు. అమెరికా రక్షణ శాఖకు ఇందులో ఏం పని అని అడక్కండి. ఇంటర్నెట్ పుట్టిల్లు అది. ఎక్కడో హైదరాబాద్ అపార్టుమెంటులో ఉన్న రౌటర్ పోర్టు అంకె అడిగినా ఆ పుట్టింటి గుమ్మం మీదుగానే వెళ్లాలి.

ఇక ఈ గేట్‌వేకి ఎన్ని పోర్టులున్నాయో అడిగేవాడికి ముందుగా తెలియదు. వాటి నంబర్లు వరసగా ఉంటాయన్న హామీ కూడా లేదు. 1, 2, 3 తర్వాత 10101 రావచ్చు. మరి పట్టిక మొత్తం ఎలా రాబట్టాలి? కథ చెప్పించుకునే పిల్లాడు ఏం చేస్తాడు? కథ ఎంత పొడుగో వాడికి తెలియదు. మంచం మీద పడుకుని ఊఁ కొడుతూ "ఆ తర్వాత?" అంటాడు. నాయనమ్మ ఇంకో ముక్క చెబుతుంది. "ఆ తర్వాత?" ఇంకో ముక్క.

ఎస్‌ఎన్‌ఎంపీలోని రెండో మాట అదే. ఒక చిరునామా ఇచ్చి "దీని తర్వాత ఏముంది" అంటే గేట్‌వే తర్వాతి చిరునామా, దాని విలువ రెండూ ఇస్తుంది. ఆ వచ్చిన చిరునామానే మళ్లీ తిప్పి అడుగుతారు. పదో వరసలో మొదటి పోర్టు, రెండో పోర్టు, మూడో పోర్టు. ఆఖరి పోర్టు అయ్యాక "ఆ తర్వాత?" అంటే పదకొండో వరసలో మొదటి పోర్టు వచ్చి పడుతుంది. పదో వరస అయిపోయిందని అప్పుడు తెలుస్తుంది. గేట్‌వే దగ్గర ఈ నడక గుర్తులేవీ ఉండవు. ఎంతవరకు చెప్పానో దానికి అక్కర్లేదు, పిల్లాడికి గుర్తుంటే చాలు. నాయనమ్మ మీద బరువు తగ్గించాలన్న పాత నియమమే ఇక్కడా పనిచేసింది.

కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మొదలై, 1995 నుంచి డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో వెస్ హార్డేకర్ చేతిలో పెరిగి, 2000లో నెట్-ఎస్‌ఎన్‌ఎంపీ అని పేరు మార్చుకున్న ఉచిత పరికరాల సంచిలో ఈ నడకకు ఒక ఆదేశమే ఉంది. దాని పేరు ఎస్‌ఎన్‌ఎంపీవాక్. నిజంగా వాకింగే అది, చిరునామాల వీధిలో ఇల్లిల్లూ తట్టుకుంటూ. ఒక్కో ఇంటికి ఒక్కో ప్యాకెట్ అంటే పెద్ద గేట్‌వేల దగ్గర సాయంత్రమవుతోందని 1993లో "తర్వాతి ఇన్నీ ఒకేసారి చెప్పేయ్" అనే మాట చేర్చారు.

రొట్టె కాల్చిన ప్రోటోకాల్

కొంచెం నవ్వుకోవడానికి ఒక ముచ్చట. 1990లో ఇంటరాప్ అనే నెట్‌వర్కుల ప్రదర్శనకు జాన్ రామ్‌కీ, సైమన్ హాకెట్ కలిసి ఇంటర్నెట్‌కు తగిలించిన టోస్టర్ తెచ్చారు. దాన్ని వెలిగించడం, ఆపడం అంతా ఎస్‌ఎన్‌ఎంపీ మీదనే. రొట్టెముక్క మాత్రం చేత్తో పెట్టాల్సి వచ్చింది. మరుసటి ఏడు ఆ పనికీ చిన్న క్రేను తెచ్చారు. ఇంటి సామాన్లన్నీ ఇంటర్నెట్‌కు కడుతున్న ఈ రోజుల్లో ఆ టోస్టర్ పేరు తరచూ తలుస్తుంటారు. గేట్‌వేలో అంకె మార్చే పద్ధతే అక్కడ రొట్టె కాల్చింది.

అందరూ చూసిన బొమ్మ

అంకెలు వస్తున్నాయి సరే, అంకెలు చూసి ఎంతమంది కడుపు నిండుతుంది? 1994లో ఇంగ్లండులోని లెస్టర్ నగరం, డి మాంట్‌ఫర్ట్ విశ్వవిద్యాలయం. బయటి ప్రపంచానికి వాళ్లకున్న లైను సెకనుకు 64 కిలోబిట్లది. అంత పెద్ద సంస్థకు అంత సన్న దారి. ఇవాళ లైను ఎలా ఉంది అని ప్రతివాడికీ ఆరాటం. అక్కడ పనిచేస్తున్న టోబీ ఓటికర్ పెర్ల్ భాషలో చిన్న ప్రోగ్రామ్ రాశాడు. అది ఐదు నిమిషాలకోసారి గేట్‌వేని అడుగుతుంది, పాత అంకె తీసేస్తుంది, గీత గీసి వెబ్ పేజీలో పెడుతుంది. లోపలికి వచ్చేది ఆకుపచ్చ, బయటికి పోయేది నీలం.

1995లో ఎంఆర్‌టీజీ పేరుతో బయటికి వదిలాడు. నెమ్మదిగా నడుస్తోందని అమెరికా నుంచి డేవ్ రాండ్ అనే ఆయన దాని ముఖ్యమైన భాగాన్ని సీ భాషలో తిరగరాసి పంపాడు. దాని ఇంకో తెలివి చూడండి. ఈ రోజు లెక్క ఐదు నిమిషాలకోసారి ఉంచుతుంది. వారానివి అరగంటల సగటు, నెలవి రెండు గంటల సగటు, ఏడాదివి రోజుల సగటు. పాతది దూరమయ్యేకొద్దీ మసకబారుతుంది, మన జ్ఞాపకాల్లాగే. దాంతో ఫైలు ఎప్పటికీ ఉబ్బదు. 1999లో ఈ ఆలోచననే విడదీసి ఆర్‌ఆర్‌డీటూల్ అని ఇంకో పరికరం చేశాడు. తర్వాత వచ్చిన ఎన్నో గ్రాఫుల పరికరాలు దాని మీద నిలబడ్డాయి.

ఈ ఐదు నిమిషాల రీడింగు బజారుకూ ఎక్కింది. ఇంటర్నెట్ అమ్మే కంపెనీల మధ్య బిల్లు కట్టే ఒక పద్ధతి ఉంది. ముప్పై రోజుల నెలలో ఐదు నిమిషాల ముక్కలు 8,640. వాటిని పెద్దదాని నుంచి చిన్నదానికి పేర్చి, పై ఐదు శాతం, అంటే 432 ముక్కలు తీసేసి, ఆ కింద కనిపించిన అంకెకు డబ్బు కట్టమంటారు. నెలలో 36 గంటల హడావిడి ఉచితమన్నమాట. గోడ మీటరు పోలిక ఇక్కడ పోలికగా ఆగలేదు, నిజంగానే బిల్లు మీటరైంది.

మీటరు గిర్రున తిరిగినప్పుడు

మీటరన్నాక ఒకనాటికి 99999 దాటి 00000కు వస్తుంది. నలుగురూ పెట్టిన లెక్కపెట్టె 32 బిట్లది. 4,294,967,295 దాకా లెక్కపెట్టి మళ్లీ సున్నాకు వస్తుంది. సెకనుకు పది మెగాబిట్ల లైను నిండుగా పారితే ఆ చుట్టు తిరగడానికి 57 నిమిషాలు. ఐదు నిమిషాలకోసారి చూసేవాడికి భయం లేదు. ఒకసారి తిరిగినా తీసివేత సరిచేసుకోవచ్చు. వంద మెగాబిట్లు వచ్చాయి: 5 నిమిషాల 43 సెకన్లు. వెంట్రుకవాసిలో తప్పింది. గిగాబిట్ వచ్చింది: 34 సెకన్లు. రెండు రీడింగుల మధ్య మీటరు ఎనిమిదిసార్లు తిరిగిపోతుంది, చూసేవాడికి తెలియదు. నిండా పారుతున్న లైను గ్రాఫులో దాదాపు ఖాళీగా కనిపిస్తుంది. పరికరం అబద్ధమాడలేదు, మీటరూ అబద్ధమాడలేదు. లైను పెరిగిందన్న సంగతి ఇద్దరికీ ఎవరూ చెప్పలేదు.

1994లో పాత పట్టిక పక్కన ఇంకో పట్టిక కట్టి 64 బిట్ల లెక్కపెట్టెలు చేర్చారు. సెకనుకు రెండు కోట్ల బిట్లు దాటిన పోర్టులన్నిటికీ బైట్ల లెక్క అందులో ఉండాల్సిందేనన్నారు. గిగాబిట్ వేగంలో ఆ మీటరు చుట్టు తిరగడానికి నాలుగు వేల ఆరు వందల ఏళ్లు పైనే పడుతుంది. మనం నిశ్చింతగా ఉండొచ్చు.

రెండో తిప్పలు ఇంకా చిత్రం. పోర్టు నంబరు గేట్‌వే బతికున్నంతసేపే ఖాయం. రీబూట్ అయితే మారొచ్చు. ఒక కార్డు తీసి ఇంకోటి పెట్టి రీబూట్ చేస్తే నిన్నటి మూడో పోర్టు ఇవాళ నాలుగోది కావచ్చు. అడిగే ప్రోగ్రామ్ మాత్రం పాత డోర్ నంబరే తడుతూ, పక్కింటివాడి సంసారాన్ని మన సంసారంగా రాసుకుంటుంది. గ్రాఫు చక్కగానే ఉంటుంది, అది వేరేవాళ్లది. అందుకని మంచి పరికరాలు నంబరు నమ్మవు. ముందు పేర్ల వరస నడిచి, ఈ పేరుగల పోర్టు ఇవాళ ఎన్నో నంబరులో ఉంది అని చూసుకుని, ఆ తర్వాత అంకె అడుగుతాయి. ఇంజినీరు తనకు నచ్చిన పేరు రాసుకునే నేమ్‌ప్లేటు వరస కూడా తర్వాత పట్టికలో చేరింది, రీబూట్ అయినా చెరగకుండా.

మూడోది అన్నిటికంటే పెద్దది. మీటరు వీధిగోడ మీద ఉంది, అందరికీ కనిపిస్తుంది. ఎస్‌ఎన్‌ఎంపీ మొదటి రూపంలో కాపలా అంటే ప్రశ్నతోపాటు పంపే ఒక మాట, అంతే. ఆ మాట దాపరికం లేకుండా తీగ మీద వెళ్తుంది. చాలా పెట్టెల్లో అది తయారీలోనే 'పబ్లిక్' అని పెట్టి ఉంటుంది. మార్చుకునే ఓపిక ఎందరికి? 2002 ఫిబ్రవరిలో ఫిన్లండ్‌లోని ఔలు విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇంకో బాంబు పేల్చారు. వంకర ప్రశ్న పంపితే ఎన్నో కంపెనీల పెట్టెలు కుప్పకూలుతున్నాయని చూపించారు. భద్రత ఎలా చేర్చాలన్న విషయంలో తొంభైల తొలినాళ్లనుంచీ నిపుణులు కొట్టుకుంటూనే ఉన్నారు. చివరికి ఆ 2002 డిసెంబరులోనే పేరు, తాళం, రహస్యలిపి ఉన్న మూడో రూపానికి పూర్తి ప్రమాణం గుర్తింపు దక్కింది. సింపుల్ అనే మాట పేరులో అలాగే ఉంది. కాగితాలు మాత్రం కట్టలయ్యాయి.

మీటరే కబురు పంపితే

2002 జూన్‌లో నెట్‌వర్కులు నడిపేవాళ్లను, ప్రోటోకాల్ రాసేవాళ్లను ఒక గదిలో కూర్చోబెట్టారు. నడిపేవాళ్లు మొహమాటం లేకుండా చెప్పారు. అంకెలు చదవడానికి ఎస్‌ఎన్‌ఎంపీ బాగానే ఉంది, పెట్టెను సర్దడానికి మాత్రం దాన్ని మేం వాడటం లేదు, చేత్తో ఆదేశాలు కొట్టుకుంటున్నాం అన్నారు. 2006లో వచ్చిన నెట్‌కాన్ఫ్ ఆ మాటల పంటే. సర్దే పని దానికి పోయింది. చదివే పని పాతవాడికే మిగిలింది.

ఇప్పుడు చదివే పనిలోనూ మార్పు వచ్చింది. మన ఇళ్లకు స్మార్ట్ మీటర్లు వస్తున్నట్టే, పెద్ద నెట్‌వర్కుల్లో గేట్‌వేలు అడిగేదాకా ఆగకుండా తమంతట తామే కొన్ని సెకన్లకోసారి అంకెలు పంపుతున్నాయి. దీన్ని స్ట్రీమింగ్ టెలిమెట్రీ అంటున్నారు. గేట్‌వేల ప్రాసెసర్లకు ఇప్పుడు ఓపిక ఉంది, చెప్పే పని వాటికే ఇవ్వొచ్చు. వెనక్కి చూస్తే ఇది ఆర్పానెట్ ఇంప్‌లు కేంబ్రిడ్జికి కబురు పంపిన పాత పద్ధతే. తేడా ఒక్కటి. అప్పుడు పెట్టెలన్నీ ఒకే ఇంటివి. ఇప్పుడు నూరు ఇళ్లవి.

నూరు ఇళ్లవాళ్లు ఒకే మాట మీద ఎలా ఉన్నారన్నదే ఈ కథలో నేను గట్టిగా పట్టుకున్న ముక్క. నలుగురి ప్యాకెట్ పద్ధతి రేపు పూర్తిగా పోవచ్చు, ప్రశ్న అడిగే తీరు పోవచ్చు. పెట్టె ఏ దేశంలో ఎవరు తయారుచేసినా సరే, దాని ప్రతి పోర్టుకూ ఒక మీటరుండాలి, అది లోపలికి వచ్చిన బైట్లను లెక్కపెట్టాలి, చదివితే సున్నాకు రాకూడదు అన్న ఒప్పందం మాత్రం పోలేదు. కొత్త టెలిమెట్రీ పంపే కట్టలు విప్పి చూసినా లోపల ఉన్నది ఆ లెక్కే. పాత పట్టికలో దాని చోటు 1988లో ఖాయమైంది: పదో వరస. ఇవాళ ఎస్‌ఎన్‌ఎంపీ తెలిసిన ఏ గేట్‌వేని అడిగినా అదే వరసలో జవాబు చెబుతుంది.